ఆ ఊరికి మళ్లీ వెళ్లిన నర్సమ్మ

నర్సమ్మ పోయిందని మొన్న పొద్దున్న ఫోను వచ్చింది. టెక్కలిలో డయాలసిస్ మంచం మీదే ప్రాణం వదిలిందట. ఉద్దానంలో ఎందరినో తినేసిన కిడ్నీ జబ్బు ఆమెనూ వదల్లేదు. మీలో చాలామందికి ఆమె తెలియదు. ఆమె వెంట ఊళ్లు తిరిగినవాణ్ని గనుక నేనే చెప్పాలి.

సర్కారు నర్సు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆమె పలాసలో మా కంటి ఆసుపత్రి వ్యానులో చేరింది. అందులో కంటి లోపలి పొరను ఫొటో తీసే కెమెరా ఉండేది. ఒప్పుకున్నవాళ్ల ఫొటోలు, పేరు బదులు నంబరుతో, చాలా ఆసుపత్రుల డాక్టర్లు కంప్యూటర్లో కలిసి చూసుకునే చోటికి వెళ్లేవి. అన్ని చోట్ల కళ్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ జబ్బు చూపును ఎలా దెబ్బతీస్తోందో తెలుస్తుందని డాక్టర్ల ఆశ.

“గడ్డం ఇక్కడ ఎట్టు తల్లీ, రెప్ప ఆర్పకు,” అంటూ నర్సమ్మ ముసలమ్మల బుగ్గలు రెండు చేతులతో పట్టుకునేది.

ఒకరోజు వజ్రపుకొత్తూరు దాటాక ఒక ఊళ్లో జనం వ్యానును చుట్టుముట్టారు. తమ్ముణ్ని కిడ్నీ జబ్బుకు పోగొట్టుకున్న జీడితోట రైతు ఒకడు ముందుకొచ్చాడు.

“పరీచ్చలని సీసాల కొద్దీ మా తమ్ముడి రగతం అట్టుకెల్లినారు. ఏటి సెప్పినారు? ఆడు సచ్చిపోనాక కూడా ఒక్కడూ రాలేదు. ఇప్పుడు కళ్లు కావాల్సొచ్చినాయా?”

చేతిలోని కొబ్బరిమట్టతో కెమెరా మీద కొట్టాడు. అద్దం పగిలింది. రెండో దెబ్బ అడ్డం వెళ్లిన నర్సమ్మ ముఖం మీద పడింది. మట్ట అంచు ఎడమ కంట్లో దిగింది. మా డ్రైవరు ఇనప రాడ్డు తీసి అతణ్ని కింద పడేదాకా బాదాడు. పడ్డాక కూడా ఆపలేదు.

వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారుతుండగా ఆమె అరిచింది. “ఆడ్ని కొట్టకండ్రా! ఆడు అడిగిన దాంట్లో తప్పేటుంది?”

విశాఖలో ఆ కన్ను తీసేశారు. పోలీసులు వస్తే దాచలేదు. “కొట్టినాడు, కేసు ఎట్టండి. అడిగింది మాత్రం నిజం.” అతను జైలుకు వెళ్లాడు.

కట్టు విప్పకముందే మా డాక్టర్లతో ఆమె తగువు మొదలైంది. “ఫొటో అట్టుకెల్లినోలు కబురు తేవాల. అది తేలేదాకా నాను కెమెరా ముట్టను,” అని బల్ల గుద్దింది. నెలల తరబడి పోట్లాడింది. చివరికి ఒప్పుకున్నారు. ఎక్కడి డాక్టరు ఏ ఫొటోలో ఏం కనిపెట్టినా, ఆ నంబరుతో మాకు చెప్పాలి. మేం ఆ ఇంటికి వెళ్లి చెప్పాలి.

కొత్త కెమెరాతో ఆమె ముందు వెళ్లింది ఆ ఊరికే. ఎవరో విసిరిన రాయి తగిలి వ్యాను కిటికీ పగిలింది. గాజుముక్కలు తొక్కుకుంటూ దిగింది. చాలాసేపు ఎవరూ రాలేదు. తర్వాత ఒకావిడ వచ్చింది. ఆ రైతు భార్య.

“నా మొగుడు సేసిన పనికి నన్ను పొమ్మంటావా అమ్మా?”

“కూకో. గడ్డం ఎట్టు.”

దూరాన ఏదో ఊళ్లో ఒక డాక్టరు ఆ ఫొటో చూసి, కంటి లోపల నెత్తురు దిగుతోందని కబురు పెట్టాడు. నర్సమ్మ తానే వెళ్లి, గుమ్మంలో నిలబడి చెప్పింది. వైద్యం అందింది, చూపు నిలిచింది. ఆ తర్వాత ఆ ఊళ్లో ఆమెకు క్షణం తీరిక లేదు. జైలు నుంచి వచ్చిన రైతు మాత్రం ఆమె ఎదుట పడేవాడు కాదు.

దహనం నాడు ఆ రైతు వచ్చాడు. నర్సమ్మ కొడుకు చూసి, చొక్కా పట్టుకుని మూతి మీద గుద్దాడు. “మా అమ్మ కన్ను పొడిసినోడివి, ఏ మొకం ఎట్టుకొని వచ్చినావురా?” మళ్లీ గుద్దాడు. అతను చెయ్యెత్తలేదు. ఎవరూ విడిపించలేదు. చివరికి కొడుకే చేతులు అలిసిపోయి, ఏడుస్తూ పక్కకు జరిగాడు. కొడుకు మోయాల్సిన పాడె మూల ఖాళీగా ఉండిపోయింది.

రైతు వంగి ఆ మూల భుజానికెత్తుకున్నాడు. జీడితోటల మధ్య ఇసుక దారిలో సముద్రం వైపు నడిచాం. చిట్లిన పెదవి నుంచి నెత్తురు చొక్కా మీదికి కారుతూనే ఉంది. అతని రెండో చెయ్యి ఖాళీగానే ఉంది. తుడుచుకోలేదు.