సీటు మీద రాలిన ఇసుక

మా దీవిలో, గోల్ ఘర్ స్టాపులో గరాచర్మ వెళ్ళే బస్సెక్కిన ఒక అమ్మాయి, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కూర్చుంది. దుమ్ము పట్టిన జాకెట్ చూసి ఎక్కడినుంచి వస్తున్నావని అడిగాను. స్నేహితులతో కలిసి అద్దె మోటారుసైకిళ్ళ మీద రాజస్థాన్ ఎడారిలో, ఆ తర్వాత లడాఖ్ కొండల్లో తిరిగి, ఆ పొద్దున్నే ఓడ దిగిందట. నాకూ బండి ఉంది. కొన్ననాటినుంచీ అది ఈ దీవి దాటలేదు. ఒళ్ళు మండింది.

"దారి తప్పలేదా?" అన్నాను, తప్పే ఉంటుందన్న ఆశతో.

"తప్పాను భయ్యా," అని నవ్వింది. "ఎడారిలో మావోళ్ళు మలుపు తిరిగిపోనారు. నేను చూడకుండా సీదా ఎల్లిపోనాను. మనకి అలవాటు కదా, ఎంత దూరం పోయినా ఎదర సముద్రం వచ్చేస్తాది, రోడ్డు ఆగిపోద్ది. అక్కడ వెనక్కి తిరుగుదాంలే అనుకున్నాను. ఎంతకీ రాలేదు. పెట్రోలు అయిపోనాక గానీ అక్కడ సముద్రం లేదని గుర్తు రాలేదు. దోస్తులే ఎతుక్కుంటా వచ్చారు."

సముద్రం అడ్డురాని రోడ్డు మీద నేను ఒక్కసారైనా బండి తోలలేదు. ఆమె తప్పిపోవడం మీద కూడా నాకు ఇప్పటికీ అసూయే.

ఆమె ఫోన్ తీయబోతే, జాకెట్ జేబులోంచి కాస్త ఇసుక సీటు మీద రాలింది. ఆమె దాన్ని కిందికి దులపలేదు. అరచేత్తో కూడదీసి మళ్ళీ జేబులోనే వేసుకుంది.

ఆమె దిగిపోయాక, సీటు అతుకులో మిగిలిన రేణువుల్ని వేలితో అద్ది చూశాను. మన బీచ్ ఇసుకే అని తేల్చేద్దామనుకున్నాను. కాదు.

ఇల్లు చేరేదాకా ఆ వేలు దేనికీ తగలనివ్వలేదు.