గోడ మీద మూడు దెబ్బలు

మేవిస్ ఓల్డ్‌రాయిడ్‌కి అబద్ధాలాడే అలవాటు లేదు. బాయిలర్లు బిగించే గారెత్‌తో ఆ రోజు ఆవిడ అన్న మాట కూడా అబద్ధం కాదు, వట్టి మరుపు. ఆ ఒక్క మరుపుకి ఆవిడ తనను తాను ఈరోజుకీ క్షమించుకోలేదు.

జనవరిలో, సరిగ్గా మంచు పడే వారంలో, ఇంటినీ నీళ్లనీ వేడిచేసే వాళ్ల పాత బాయిలర్ చచ్చింది. మొగుడు విల్ఫ్ అప్పటికి మూడు వారాలుగా బార్న్స్‌లీ ఆసుపత్రిలో ఉన్నాడు. ముప్పై ఏళ్లు గనిలో పీల్చిన బొగ్గుదుమ్ము ఊపిరితిత్తుల్ని రాయి చేసేసింది. ఇక చెయ్యగలిగింది ఏమీ లేదు, ఇంటికి తీసుకెళ్లండి అన్నారు డాక్టర్లు. విల్ఫ్ బాధ మాత్రం వేరే.

"రోజూ తడిగుడ్డతో తుడుస్తున్నారే మేవీ. నేనేమన్నా కిటికీనా?"

"కిటికీ అయితే తుడిస్తే తెల్లబడేదయ్యా."

"నవ్వించకు, దగ్గొస్తుంది. ఇంటికెళ్లాక మన తొట్లో, మెడదాకా వేణ్నీళ్లలో ఒక్కసారి పడుకోవాలి. ఆ తర్వాత ఏమైనా కానీ."

ముప్పై ఏళ్లు గనిలోంచి నల్లగా పైకొచ్చి, ఒళ్లు కడుక్కున్నాకే మనిషినయ్యాననుకున్నవాడు. ఆ కోరికని కాదనడానికి మేవిస్‌కి మనసెలా వస్తుంది?

గారెత్ వంటింట్లో కూర్చుని, టీలో బిస్కెట్ ముంచుకుంటూ రెండు దారులు చెప్పాడు. "పాత రకమే కావాలంటే పెడతానమ్మా. అటక మీద చన్నీళ్ల ట్యాంకు, అలమరలో వేణ్నీళ్ల ట్యాంకు, అన్నీ ఇప్పుడున్నట్టే ఉంటాయి. కాకపోతే నీళ్లు కాగడానికి గంట పడుతుంది. కాంబి అనే కొత్తరకం బాయిలర్ అయితే ట్యాంకులే ఉండవు. వీధి పైపులోంచి వచ్చే నీళ్లని వచ్చినవి వచ్చినట్టే కాచేస్తుంది. కుళాయి తిప్పడమే ఆలస్యం."

మేవిస్ ఆలోచించింది. విల్ఫ్‌కి ఊపిరి చెప్పి రాదు. కాస్త ఓపిక వచ్చిన నిమిషంలో నీళ్లు సిద్ధంగా ఉండాలి. గంటసేపు కాగుతూ కూర్చుంటే ఈలోగా ఆ ఓపిక కాస్తా పోతుంది. పైగా విల్ఫ్‌తో పాటు వచ్చే ఆక్సిజన్ మిషన్‌కి చోటు కావాలి. ట్యాంకు తీసేస్తే ఆ అలమరలో పెట్టొచ్చు. బెంగల్లా ఆ అలమర గురించే. పెళ్లయినప్పటి నుంచి తువ్వాళ్లూ, విల్ఫ్ బనియన్లూ ఆ ట్యాంకు పక్కనే వెచ్చగా ఉండేవి.

"మరి తువ్వాళ్లు?" అంది.

"రేడియేటర్ మీద ఆరేసుకోండి," అన్నాడు గారెత్. వాడికింకా ముప్పై కూడా లేవు, వాడికేం తెలుస్తుంది.

కుళాయి కింద బకెట్ పెట్టి, గడియారం చూసి, ధార బాగానే ఉందన్నాడు. అప్పుడు పగలు పదకొండు గంటలు. వీధిలో అందరూ పనుల్లోకి పోయారు. లేచి వెళ్లబోతూ అడిగాడు.

"వీధిలోంచి వచ్చే ఈ పైపు మీ ఒక్కింటిదేనా?"

"మా ఒక్కింటిదే," అంది మేవిస్.

కాదు. మేవిస్ ఇల్లూ, పక్కన మా ఇళ్లూ కలిసిన ఈ వరసంతా గని కంపెనీవాళ్లు కట్టించింది. ఎనిమిదిళ్లకి పెరళ్ల కింద నుంచి ఒకటే ఇనప పైపు వేశారు. మేవిస్ కొత్తకోడలిగా వచ్చినప్పుడు, ఎవరు తొట్టి నింపుకోవాలన్నా ముందు పొయ్యిలో నిప్పులు కెలికే కడ్డీతో పక్కింటి గోడ మీద మూడు దెబ్బలు కొట్టేవారు. పక్కింటి ఎర్నీ షా తన కుళాయి కట్టి, అవతలి గోడ మీద మూడు కొట్టేవాడు. అలా చివరింటిదాకా వెళ్లేది ఆ కబురు. తర్వాత అందరి అటకల మీదకీ ట్యాంకులొచ్చాయి. పైపులో నీళ్లు సన్నగా వచ్చినా ట్యాంకు దానంతటదే నిండేది. ఇక గోడలు కొట్టే పనిలేకపోయింది. ముప్పై ఏళ్లలో ఆ మాటే మరిచిపోయాం, నాతో సహా.

గారెత్ కాంబి బిగించి వెళ్లాక, విల్ఫ్ గురువారం ఇంటికొచ్చాడు. అతన్ని తొట్లోకి దించడం మేవిస్ ఒక్కదాని వల్ల కాదు. అందుకు కౌన్సిల్ వాళ్లు జోయన్ అనే ఆయాని పంపారు, సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర దాకా. ఆరింటికే వీధంతా ఇళ్లు చేరుతుంది. ఒకరిది షవరు, ఒకరిది బట్టల మిషను, ఒకరిది వంట. మేవిస్ కుళాయి తిప్పింది. నీళ్లు దారంలా వచ్చాయి. అంత సన్నటి ధారకి కాంబి వెలగదు. వెలిగి ఆరింది, మళ్లీ వెలిగి ఆరింది.

పావుగంటకి నీళ్లు చీలమండ దాటలేదు. విల్ఫ్ దుప్పటి చుట్టుకుని, ముక్కుకి గొట్టంతో, కుర్చీలో వణుకుతున్నాడు.

జోయన్ గడియారం చూసుకుంది. "ఇంకో ఇంటికెళ్లాలమ్మా. మరి దించమంటారా?"

"దించెయ్," అన్నాడు విల్ఫ్.

ఆ గోరువెచ్చని నీళ్లలో అతని మోకాళ్లు పైకి తేలి కనిపించాకే మేవిస్‌కి పైపు గుర్తొచ్చింది. నిప్పుల కడ్డీ ఎప్పుడో పోయింది. వీపు తోముకునే బ్రష్షు తీసుకుని దాని వెనకవైపుతో గోడ మీద మూడు కొట్టింది. జవాబు లేదు. మళ్లీ కొట్టింది. అవతల నుంచి ఎవరో పిడికిలితో గట్టిగా బాదారు. ఎర్నీ ఇంట్లో కొత్తగా అద్దెకొచ్చిన కుర్రజంట, చప్పుడుకి విసుగు.

విల్ఫ్ మొహం వెలిగింది. "విన్నావా? ఎర్నీ కట్టేశాడు. ఇప్పుడొస్తాయి చూడు."

ఎర్నీ పోయి తొమ్మిదేళ్లయింది. దారం దారంలాగే ఉంది.

అలవాటుగా అలమర తెరిచింది. ఆక్సిజన్ మిషన్ గుర్రుమంటోంది. తువ్వాలు చల్లగా ఉంది. అదే చుట్టింది.

"వెచ్చగా ఉందిలే మేవీ," అన్నాడు, పళ్లు టకటకలాడుతుంటే.

మర్నాడు ఆవిడ మంచులో ఇల్లిల్లూ తిరిగింది. ఆదివారం సాయంత్రం ఆరింటికి పావుగంట కుళాయిలు కట్టేస్తారా అని ప్రతి గుమ్మంలోనూ అడిగింది. విషయం తెలిశాక ఎవరూ కాదనలేదు. ఆ కుర్రజంట మరీ సిగ్గుపడ్డారు.

ఆదివారం తెల్లవారకముందే విల్ఫ్‌కి ఊపిరి అందలేదు. అంబులెన్సు వచ్చేసరికి అయిపోయింది. ఆ సంగతి వీధికి చెప్పాలని ఆ ఇంట్లో ఎవరికి తడుతుంది?

సాయంత్రం ఆరయింది. అందరం కుళాయిలు కట్టేశాం. తన ఇంట్లో మేవిస్ మేడెక్కి, ఎందుకో తనకే తెలియకుండా కుళాయి తిప్పింది. పొగలు కక్కుతూ నీళ్లు ధారగా దూకాయి. పది నిమిషాల్లో తొట్టి అంచుదాకా నిండింది. ఆవిడ కుళాయి కట్టి పక్కనే స్టూలు మీద కూర్చుంది. నీళ్లు చల్లారేదాకా కూర్చుని, అప్పుడు బిరడా లాగింది.