ఖాళీగా ఉంచమన్న చోటు

ఇది మహా వియోగ గాథ. ప్రాణ స్నేహితుల ఎడబాటు, సముద్రం సాక్షిగా ప్రతిజ్ఞ, కన్నీళ్లు, అన్నీ ఉన్నాయి. అయితే ముందే ఒప్పుకుంటాను: ఎడబాటు నాలుగు నెలలది, కన్నీళ్లు తొమ్మిది రోజులవి. మా రోజుల్లో ఉద్దానంలో కుర్రాడు కాస్త కూడబలుక్కుని చదివాడంటే చాలు, టెక్కలి పెద్దబడికి తోలేసేవారు. వజ్రపుకొత్తూరు దగ్గర మా ఊళ్లో ఆ ఏడు ఆ గ్రహచారం నాకు పట్టింది.

బయల్దేరే ముందు రోజు నా సావాసగాళ్లు ముగ్గురినీ ఒడ్డున నిలబెట్టాను: పీతగాడు, గుండుగాడు, బుల్లోడు. ముగ్గురూ సముద్రంలో చేపల వేటకెళ్లే ఇళ్ల పిల్లలు. మా నలుగురిదీ చెడుగుడులో ఓటమెరుగని జట్టు (అవతలివాళ్లు మాకంటే చిన్నవాళ్లు). "నాను తిరిగొచ్చీదాకా నా సోట్లో ఇంకెవుణ్ణీ ఎట్టకండి. గంగమ్మ మీద ఒట్టెయ్యండి," అన్నాను. "మరి ముగ్గురం ఎలాగాడతాం బావా?" అన్నాడు పీతగాడు. (వాడికి లెక్కలొచ్చు. ఆ గుణం నాకెప్పుడూ నచ్చలేదు.) "సావాసమంటే అదేరా!" అన్నాను. మా ఒడ్డున గంగమ్మ మీద ఒట్టు పడితే, వేయించుకున్నవాడు విడిచిపెట్టాలి తప్ప వేసినవాడు తప్పకూడదు. ముగ్గురూ అలలో చెయ్యి ముంచి ఒట్టేశారు.

టెక్కలిలో పెద్దమ్మ ఇంట తొమ్మిది రోజులు కంచం ముందు ఏడ్చాను (అన్నం మాత్రం మిగల్చలేదు). పదో రోజు క్లాసు కుర్రాళ్ల ఆటలో ఒకడు తక్కువై నన్ను పిలిచారు. వెళ్లాను. నా వైపు ఎడబాటు అంతటితో సరి. రెండు నెలలకి నాన్న కొబ్బరికాయల బస్తాతో వచ్చి, "ఒరే, నీ సావాసగాల్లు ముగ్గురే ఆడతన్నార్రా. రోజూ ఓడిపోతన్నారు. ఇంకోణ్ణి ఎట్టుకోండ్రా అంటే, ఒట్టున్నాదంతన్నారు. ఏటి సేసినావు నువ్వు?" అన్నాడు. 'ఒట్టు విడిచిపెట్టేశానని చెప్పు' అంటే పోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఎక్కడో ముగ్గురు నా కోసం రోజూ ఓడిపోతున్నారన్న మాట ఎంత తియ్యగా ఉందో! "దసరాకొచ్చి నానే సెప్తాన్లే," అన్నాను. ఆ సాయంత్రం టెక్కలి జట్టులో ఆడి గెలిచాను.

దసరాకి పూండిలో రైలు దిగి, ఖైదీలను వదిలిపెట్టే రాజులా మాటలు కూర్చుకుంటూ తిన్నగా ఒడ్డుకి పోయాను. మేం ఆడే చోట వలలు ఆరేసి ఉన్నాయి. పీతగాడి అమ్మ వల బాగుచేస్తోంది.

"మావోల్లేరత్తా?"

"తెప్పెక్కేసినారు బాబూ. ఆల్లయ్యలు వేటకి తీసుకుపోతన్నారు. ఆట మానేసి నెలయిపోనాది."

"మరి నా సోట్లో...?"

ఆమె వల మీంచి తలెత్తలేదు. "ఎవుణ్ణీ ఎట్టనేదు. ఆకరి రోజు కూడా ముగ్గురే ఆడినారు. ఓడిపోనారు."

నిష్ఠూరంగా అంటే బాగుండేది. అనలేదు. మర్నాడు ముగ్గురూ కలిస్తే ఒట్టు విడిచిపెట్టానని చెప్పాను. "అలాగే బావా," అని వల దులుపుకున్నారు.

ఇప్పటికీ ఎక్కడ ఆటలో ఒకడు తక్కువైనా నేను గబుక్కున లేస్తాను. ఇంట్లోవాళ్లు దాన్ని హుషారనుకుంటారు, అనుకోనిస్తాను. ఇంతకీ, దసరా ముందు రోజుల్లో ఆ ఒడ్డున చేపలు బాగా పడతాయి; వాళ్లు ఆట మానేసింది అందుకేనని చెప్పుకుంటాను.