మా ఆడబిడ్డ లెక్కించిన మంద

సంతాపసభలో మీలో ముగ్గురు ఆమెను "రక్తపరీక్షల డాక్టరమ్మ" అన్నారు. పోయిన మనిషి దిద్దలేదు కాబట్టి నేను దిద్దుతున్నాను. ఆమె డాక్టరూ కాదు, ఎవరి దగ్గరా రక్తం చుక్కయినా తీసుకోలేదు. మా ఆడబిడ్డ మిమ్మల్ని అడిగింది మలం. మీరూ ఇచ్చారు. పూలదండ వేస్తూ ఆ మాట అనడానికి నోరు రాలేదంటే అర్థం చేసుకోగలను.

గడిచిన బుధవారం మధ్యాహ్నం మజ్జిగ తాగి, "ఉప్పెక్కువేసినావు వదినా" అని, అలాగే కన్నుమూసింది. నా వంటకు వంక పెట్టకుండా పోవడం ఆమెకు చేతకాలేదు.

కాలేజీలో పాఠాలు చెప్పి, విరమణ తర్వాత బెళుగుప్ప పక్కనున్న మన ఊరికి తిరిగొచ్చింది. ఆమె చదువంతా మనిషి పేగుల్లో బతికే బ్యాక్టీరియా గురించే. సంగటి, కొర్రన్నం తినే మన కడుపుల్లో అవి ఏవేవి, ఎన్నెన్ని ఉన్నాయో ఎండాకాలంలో ఒకసారి, వానలు పడి ఆకుకూరలు దొరికాక మరోసారి లెక్కించాలని ఆమె పట్టుదల.

అందుకు ఇంటింటికీ డబ్బాలు పంచిన రోజు మన గొర్రెల కాపరి పెద్దాయన నిలదీశాడు. "కంటికి కనపడందాన్ని ఎట్ల లెక్క పెడతావమ్మా?"

"నీ గొర్రెలు ఇంకోళ్ల మందలో కలిసిపోతే ఎట్ల గుర్తుపడతావు మామా?"

"చెవి గాటు చూసి."

"నేనూ అంతే. వీటిని సీసాల్లో పెంచి చూద్దామంటే శానావాటికి గాలి తగిలితేనే సావు. అందుకే వాటి డీఎన్‌ఏలో చెవి గాటు లాంటి ముక్క ఒకటి వెతుకుతాము. మిషన్లో ఆ ముక్కను ఒకటి రెండు, రెండు నాలుగు చేసుకుంటా పోతే వెలుగు కనపడతాది. ఎంత తొందరగా కనపడితే, మొదట్లో అంత ఎక్కువ ఉన్నట్టు."

పెద్దాయన చెయ్యి చాచాడు. "అయితే నాకు రెండు డబ్బాలియ్యి. మంద పెద్దది."

ఆ నవ్వుల్లో ఊరంతా డబ్బాలు పట్టుకుపోయింది, సొంత అన్న తప్ప. "చెల్లెలికి చీర పెడతారు, సారె పెడతారు. ఇదేం పెట్టుపోతలే?" అని మా ఆయన డబ్బా ముట్టుకోలేదు. వాళ్లిద్దరి మధ్య రభస ఎందుకని నేను నాదే రెండు డబ్బాల్లోనూ పెట్టి ఇచ్చేశాను. చదువుకున్నదాన్నే. అయినా చేశాను.

కొన్ని వారాలకు ఆమె కాగితాలు పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"వదినా, చింతపండు ఎంతెయ్యాలనే కాడ కూడా ఒప్పుకోని మొగుడూ పెండ్లాలు, పేగుల్లో అచ్చం ఒకటే ఎట్లయినారు?"

"ఇన్నేండ్ల కాపురం కదమ్మే."

"ఎన్నేండ్లు కాపురం చేసినా లెక్కలు ఇంతగా కలవవు. కడుపొకటి, డబ్బాలు రెండు!"

కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. తర్వాత మెల్లగా, "ఖాళీ డబ్బా ఇచ్చింటే ఖాళీ అని రాసుకుందును. నీది ఆయనదని రాస్తే, మా అన్న గురించి నేను అబద్ధం చెప్పినట్టు కాదా?" అంది. జీవితంలో చాలామంది నన్ను తిట్టారు. అంత నెమ్మదిగా ఎవరూ తిట్టలేదు.

లోపలినుంచి ఆయన అంతా విన్నాడు. మరుసటి ఉదయం డబ్బా తెచ్చి చెల్లెలి ముందు పెట్టాడు. "ఇంద. పట్టుచీర పెట్టినప్పుడు గూడ నీ మొగం ఇంత కళగా లేదు."

"పట్టుచీర ఏ అన్నయినా పెడతాడులే" అంది ఆమె.

ఇక ఏడుపులు చాలు. ఎండాకాలం లెక్క పూర్తయింది, వానాకాలం లెక్క మిగిలింది. ఆ మనుషుల నుంచే రెండోసారి కూడా అందకపోతే మొదటి లెక్కను దేనితో పోల్చాలి? ఆమె పనంతా సగంలో ఆగిపోతుంది. ఆమె శిష్యురాలు సోమవారం ఉదయం ఐసుపెట్టెతో వస్తోంది. కొత్త డబ్బాలు మా వసారాలో వరుసగా ఉన్నాయి. పోవడానికి రెండు రోజుల ముందే మా ఆడబిడ్డ కూర్చుని ఒక్కోదాని మీద అంకె వేసింది. మా ఆయన తనది అప్పుడే తీసుకుని దిండు పక్కన పెట్టుకున్నాడు.

ఆదివారం సాయంత్రం వచ్చి మీ అంకె ఉన్న డబ్బా తీసుకెళ్లండి. ఎవరిది వాళ్లే నింపండి, మూత బిగించండి, సోమవారం ఎనిమిదింటిలోపు తెచ్చివ్వండి. సిగ్గేస్తే పైన తువ్వాలు కప్పి తెండి. గేటు దగ్గర కూర్చుని అందుకునేది మా ఆయనే.