పెళ్ళిపూట దుక్కి

మా జిల్లాలో వానను ఎవరూ పల్లెత్తు మాట అనరు. అడిగినప్పుడు రాకుండా అక్కర్లేనప్పుడు వచ్చి, మామిడి పిందెలు రాల్చి, అరటితోటలు పడగొట్టి, కరెంటు స్తంభాలు వంచిపోయినా సరే, "పోనీలే, వచ్చినాది కదా" అంటారు. ఎప్పుడో ఒకసారి వచ్చే చుట్టాన్ని ఎవరు కసురుకుంటారు? ఆ మర్యాదకు నా పెళ్ళి బలయ్యేదే, కొంచెంలో తప్పింది.

మాది అనంతపురం. నాయనకు బట్టల అంగడి. నన్ను ఇచ్చింది గోరంట్ల పక్కన ఒక పల్లెలో, వేరుశెనగ పండించే ఇంటికి. మాలో పెళ్ళి మగపిల్లవాడి ఇంట్లోనే చేస్తారు కాబట్టి ముందురోజే అందరం అక్కడికి చేరుకున్నాం. చైత్రమాసం. ఇంటిముందు షామియానా వేస్తున్నారు. మధ్యాహ్నం అందరి సెల్‌ఫోన్లకూ పిడుగుల హెచ్చరిక వచ్చింది. నాకు కాబోయే మామ అది చదివి పకపకా నవ్వాడు. "మన పక్కకు వాన యాడ వస్తాదప్పా! ఏదో పొరపాటున పంపించినారు" అని, తాళ్ళు బిగిస్తున్నవాళ్ళను టీ తాగి రమ్మన్నాడు. పుట్టినప్పటినుంచీ వాన కోసం ఆకాశం చూసిన మనిషి, తీరా అది కబురుపెట్టి వస్తానంటే నమ్మలేదు.

సాయంత్రానికి గాలి స్తంభించింది. ఆ తర్వాత ఎర్రటి దుమ్ము లేచింది, దాని వెనకే ఉరుములు. మొదటి విసురుకే షామియానా ఎగిరిపోయి పక్కింటి చింతచెట్టు మీద ఆరేసినట్టు పడింది. వడగళ్ళు రేకుల మీద వాయిస్తుంటే, డబ్బులిచ్చి డోలు వాళ్ళను పిలిపించడం దండగనిపించింది. బియ్యం బొక్కితే పెళ్ళిలో వాన పడుతుందని అమ్మ నా చిన్నప్పుడు తెగ తిట్టేది. ఇప్పుడు చుట్టాలందరి ముందూ, "వద్దే అంటే వినిందా ఇది?" అని నా పాత పాపం చాటింది. నేను సిగ్గుతో చస్తుంటే మగపెళ్ళివాళ్ళు మాత్రం నావైపు భక్తిగా చూశారు. "ఇంకో రెండు గుప్పిళ్ళు బొక్కింటే చెరువు నిండేది కదమ్మా!" అంది పెళ్ళికొడుకు అవ్వ.

మరునాడు ఏమీ ఎరగనట్టు తెల్లారింది. నన్ను ముస్తాబు చేసి కూర్చోబెట్టారు. పురోహితుడు వచ్చాడు, డోలు వాళ్ళు వచ్చారు. మగపెళ్ళివాళ్ళలో మగవాళ్ళు మాత్రం ఒక్కరూ కనబడలేదు. ఊరి చుట్టూ ట్రాక్టర్ల చప్పుడు. వాన పడ్డాక నేల కొద్దిసేపు దున్నడానికి అనువుగా మెత్తబడి ఉంటుంది, దాన్నే పదును అంటారు. ఎండెక్కితే అది కాస్తా ఆరిపోతుంది. ఊళ్ళో ట్రాక్టర్లు తక్కువ, దున్నాల్సినవాళ్ళు ఎక్కువ. మామ వంతు సరిగ్గా నా పెళ్ళిపూటకు వచ్చింది. ఆయన వెంట అన్నదమ్ములు పోయారు, చుట్టాలు పోయారు, ఆఖరుకు పెళ్ళికొడుకూ పోయాడు.

నాయనకు కోపం నషాళానికి అంటింది. "ఏమవ్వా, ముహూర్తం దాటిపోతాంటే పెళ్ళికొడుకు చేన్లో ఉండాడా? తాళి కంటే దుక్కి ఎక్కువైనాదా మీకు?" అని అవ్వ మీదికి పోయాడు.

అవ్వ వక్క నములుతూ, "ముహూర్తాలు ఈ నెల్లో ఇంకా శానా ఉండాయప్పా. పదును ఇంకొకటి ఉండాదేమో నువ్వే చెప్పు" అంది.

నాయన గిర్రున వెనక్కి తిరిగి, "సామాన్లు సర్దు, పోదాం" అని అమ్మతో అన్నాడు. ఒకసారి అన్నాక వెనక్కి తీసుకునే మనిషి కాదు. నేను పెళ్ళికొడుకును పెళ్ళిచూపుల్లో చూసింది ఒక్కసారే అయినా, ఆ తర్వాత ఫోనులో గంటలు గంటలు మాట్లాడుకున్నాం. అతను నాకు నచ్చాడు. ఆ పెళ్ళి నాకు కావాలి. ఆ మాట నాయనతో చెప్పే ధైర్యం లేక, చెవికమ్మ పోయిందని వంకపెట్టి చాప కింద వెతుకుతూ కూర్చున్నాను. కమ్మ నా చెవికే ఉంది.

అంతలో పెళ్ళికొడుకు పరుగెత్తుకుంటూ వచ్చాడు. నుదుట బాసికం, మోకాళ్ళదాకా ఎర్రమట్టి. గబుక్కున పీట మీద కూర్చుని, "తప్పయిపోయినాది మామా. మా నాయన మిగిలింది దున్ని వస్తాడు" అన్నాడు. ఆడపిల్ల తండ్రి అల్లుడి కాళ్ళు కడగాలి, తల్లి నీళ్ళు పోయాలి. అమ్మ చెంబు పట్టుకుని పళ్ళెం పక్కన నిలబడింది. నాయన కడగడానికి రాలేదు, నాలుగు దులపడానికి వచ్చాడు. "చూడప్పా, మా పిల్లను..." అని మొదలుపెట్టి, ఆ కాళ్ళ మీది తడిమట్టిని చూసి ఆగిపోయాడు.

"తడి ఎంత దిగినాది?" అని అడిగాడు.

"జానెడు దిగినాది మామా."

"అంతేనా?"

"నీళ్ళు పారే వంక పక్కన ఇంకా ఎక్కువే."

నాయన కింద కూర్చున్నాడు. పెళ్ళిళ్ళలో ఈ కాళ్ళు కడగడం పేరుకే, కడుక్కొచ్చిన కాళ్ళ మీద నాలుగు చుక్కలు పోస్తారు. నాయన మాత్రం నిజంగానే కడగాల్సి వచ్చింది. వేళ్ళ సందుల్లో మట్టి తీస్తూ, "మీ నాయన్ను తొందర పెట్టొద్దు. పని ముగించుకొనే రానీ" అన్నాడు. ఆ నీళ్ళు తల్లిదండ్రులు నెత్తిన చల్లుకోవాలి. అమ్మ పళ్ళెంలోని ఎర్రటి నీళ్ళనూ తన పట్టుచీరనూ మార్చి మార్చి చూసింది. "వాన తెచ్చిన మట్టేలే, చల్లుకో" అని నాయనే ముందుగా తన నెత్తిన చల్లుకున్నాడు. మామ అక్షింతల వేళకు వచ్చి, మట్టిచేతులతోనే మా మీద వేశాడు.

ఆ ఏడు మళ్ళీ వాన పడలేదు. అంత ఆరాటంగా దున్నిన చేలో విత్తనం వేయనేలేదు. దసరాకు మేమిద్దరం అనంతపురం పోతే, నాయన గుమ్మంలోనే అల్లుణ్ణి అడిగింది చేను గురించి. అట్లే ఉండాది మామా అన్నాడు అతను. నేను ఎట్లున్నానో అడుగుతాడేమోనని చూశాను. అడగలేదు. నాకు ఒళ్ళు మండింది. అంగట్లో బేరం వచ్చిందని పిలుస్తున్నా కదలకుండా, అల్లుడి చేయి పట్టుకుని కూర్చుని, ఆ చేనేదో తనదే అయినట్టు నాయన కళ్ళు తుడుచుకున్నాడు.