పోటు దాకా పోట్లాట

చెల్లెలి కూతురికి పెళ్లయిపోయిందని ఆమెకు చెప్పింది అయినవాళ్లెవరూ కాదు. తెరచాప కుట్టించుకోవడానికి వచ్చిన ఒక పడవవాడు మాటల మధ్యలో, పెళ్లిలో భోజనాలు బాగా పెట్టారన్నాడు. ఎవరి పెళ్లని ఆమె అడిగితే తెల్లబోయి చూశాడు.

తెరచాపలు కుట్టి బతికే మనిషి కాబట్టి ఆమె అందరికీ చాపలక్క. భర్త పోయాక అతని చిన్న పడవను తనే నడుపుకుంటోంది. ఆ రోజు చేతిలోని దబ్బనాన్ని గుడ్డలో గుచ్చేసి, పడవ విప్పింది. దారి పొడవునా గాలి చల్లగా వీస్తున్నా ఆమె ఒళ్లు మాత్రం మండిపోతోంది. తల్లి తర్వాత తల్లంతటిది పెద్దమ్మ. ఒక్క కబురు పంపడానికి చేతులు రాలేదా?

చెల్లెలుండే రేవు మరీ చిన్నది. పోటు మీద పడవలు లోపలికి వస్తాయి. ఆటు మొదలైతే నీళ్లన్నీ సముద్రంలోకి పోయి బురద తేలుతుంది. మళ్లీ పోటు వచ్చేదాకా లోపలున్న పడవ కదలదు. చాపలక్క ఎప్పుడొచ్చినా నీళ్ల మీద ఒక కన్నేసే మాట్లాడేది. ఈసారి అటు చూడనే లేదు. గట్టుకు తాడు కట్టి, మెట్లెక్కి, తిన్నగా చెల్లెలి వంటగదిలోకి వెళ్లింది.

మరిది లేచి, కూర్చో వదినా అన్నాడు. ఆమె కూర్చోలేదు. ఆ పిల్లకు మొదటి గౌను కుట్టింది ఎవరని అడిగింది. నేను చచ్చాననుకున్నారా అంది. చెల్లెలు తోమిన గిన్నెనే మళ్లీ తోమింది. దాంతో చాపలక్కకు కోపం ఇంకా ఎక్కింది. మళ్లీ ఈ గడప తొక్కితే చెప్పుతో కొట్టమని బయటికొచ్చేసింది.

రేవులో చుక్క నీరు లేదు. పడవ బురదలో ఒక పక్కకు ఒరిగి కూర్చుంది.

కోపంగా వెళ్లిపోవడానికి కూడా వీల్లేక ఆమె గట్టు మీదే నిలబడిపోయింది. కాసేపటికి చెల్లెలు కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఆయన మంచాన పడ్డప్పుడు వచ్చావు. కాసేపు కూర్చోమంటే నీళ్లు తీసేస్తున్నాయన్నావు. పిల్లకు జ్వరమొచ్చినప్పుడూ అదే మాట. దాని పెళ్లిలో కూడా నువ్వు గుమ్మంలో నిలబడి నీళ్లకేసి చూస్తుంటే నేను చూడలేను. అందుకే పిలవలేదు."

"పడవ బురదలో కూరుకుపోతే ఎలాగే?"

"ఇప్పుడు కూర్చుంది కదా. ఏమైంది, విరిగిందా?"

 చాపలక్కకు మరింత మండింది. అంతమాత్రానికి పెళ్లికి పిలవకపోవడం న్యాయమా అంది. న్యాయం కాదని చెల్లెలు ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే, మళ్లీ అయినా అలాగే చేస్తానంది.

పోటు వచ్చేదాకా ఇద్దరూ పోట్లాడుకుంటూనే ఉన్నారు, మొదట గట్టు మీద, తర్వాత ఇంట్లో. చిన్నప్పుడు విరగ్గొట్టిన పలక దాకా అన్నీ తవ్వుకున్నారు. మధ్యలో చెల్లెలు అన్నం పెట్టింది. చాపలక్క తిడుతూనే తిన్నది, కూరలో ఉప్పెక్కువైందని కూడా తిట్టింది. నీళ్లొచ్చాయని మరిది చెప్పబోతే అక్కాచెల్లెళ్లిద్దరూ కలిసి అతని మీద విరుచుకుపడ్డారు.

తర్వాత చాపలక్క మరిదినే అడిగి వీధి కనుక్కుని, పిల్ల కొత్త కాపురం పెట్టిన ఇంటికి వెళ్లింది. పిల్ల వాటేసుకుని, పెళ్లికెందుకు రాలేదు పెద్దమ్మా అని ఏడ్చింది. చెల్లెలి పరువు నిలిపే అబద్ధమొకటి చాపలక్క నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"మీ అమ్మనడుగు," అంది.