తెర మీద కదలని ఊరు

నా కంప్యూటర్‌లో ఆ ఊరు కదల్లేదు. మూడుసార్లు నడిపించాను, మూడుసార్లూ అంతే.

కోడుమూరు చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏటా జనవరిలో జనం సుగ్గికి పోతారు, అంటే గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి. ఎవరు పోతారో, ఎవరు ఉంటారో ముందే చెప్పే ప్రోగ్రాం ఒకటి రాశాను. అందులో ఒక్కో కుటుంబం ఒక్కో చుక్క. ఇంట్లో ఎంతమంది, చేను ఎంత, జొన్నలు ఎన్ని మిగిలాయి అన్నవి చెప్పి వదిలేస్తే ఆ చుక్క వారం వారం తనే ఆలోచించుకుంటుంది. ఉంటే ఉంటుంది, లేదంటే బయల్దేరుతుంది. కల్లూరులో మా మేడమీది గదిలో కూర్చుని అన్ని కుటుంబాలను అటూ ఇటూ నడిపిస్తుంటే నాకు కాస్త గర్వం తలకెక్కిన మాట నిజం.

పెద్దవాళ్లు వెళ్లాక పిల్లల కోసం ఏ ఊరి బడిలో హాస్టల్ తెరవాలో విద్యాశాఖ ఆఫీసరు నా జాబితా చూసే తేల్చేవాడు. హాస్టల్ ఉంటే పిల్లలు ఊళ్లోనే తిని, పడుకుని, చదువుకుంటారు. లేకపోతే వాళ్లూ లారీ ఎక్కుతారు. తెర మీద కదలని ఆ ఊరికి అక్కర్లేదని నేనే రాసిచ్చాను. "ఖాయమేనా మేడమ్?" అని ఆయన అడిగితే "అనుమానమే వద్దు సార్" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

శుక్రవారం సర్వే కాగితాల మీద సంతకాల కోసం ఆ ఊరి బడికి వెళ్లాను. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె పుస్తకాలన్నీ దారంతో కట్టి టీచరుకు అప్పజెబుతోంది. వాళ్లమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఏమైందమ్మా అన్నాను.

"ఆదివారం సుగ్గికి పోతాండాం మేడమ్. ఈడ హాస్టల్ పెట్టరంట. పిల్లను యాడ ఇడ్సేది?"

నాకు ముందు కోపమొచ్చింది, అదీ ఆమె మీద. సర్వేకు వాళ్లింటికి నేనే వెళ్లాను, జొన్న బస్తాలు నా కళ్లతో చూశాను. "తిండికి ఉంది కదా, ఎందుకు పోవడం?" అన్నాను, తప్పు చేసినదాన్ని నిలదీసినట్టు.

"ఉండాది. లేదంటానా? పోయినేడు మిరప కోతల్లో మా ఆయనకు జరమొచ్చి పదైదు దినాలు లేయలేదు. ఆయన కోయాల్సిన సాలు మా గుంపోళ్లే తలా ఇంత కోసినారు. ఈయేడు గుంపుకు ఆలుమొగుళ్ల జత ఒకటి తక్కువైంది. తక్కువైతే మిరపతోట ఆసాములు గుంపునే రానీరు. జొన్నలుండాయని మేం ఇంట్లో కూసుంటే, రేపు చర్చిలో వాళ్ల మొగం ఎట్ల సూసేది?"

నా చుక్కలు తమ కడుపు మాత్రమే చూసుకుంటాయి. పక్కింటి వాళ్ల సాలు కోసిపెట్టే చుక్క ఒక్కటీ లేదు. ఎందుకంటే నేను అడగలేదు. ఎన్ని బస్తాలని అడిగాను, ఎవరితో పోతారని అడగలేదు.

ఇంటికి పరుగెత్తుకొచ్చి గుంపు సంగతి చేర్చి మళ్లీ నడిపించాను. రెండో వారంలో వాళ్ల వీధి మొత్తం ఒక్కసారిగా లేచిపోయింది. వెంటనే ఆఫీసరుకు ఫోన్ చేశాను.

"జాబితా పైకి వెళ్లిపోయింది మేడమ్. అనుమానమే వద్దన్నారు కదా?"

"తప్పు నాది సార్. రాసిస్తాను."

"రాసివ్వండి. సోమవారం అడిగి చూస్తాను. మాట మాత్రం ఇవ్వలేను."

సోమవారం దాకా లారీ ఆగదు. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వెళ్లేసరికి చర్చిలో ప్రార్థన నడుస్తోంది. బయట లారీలో అప్పటికే చాపలు, గిన్నెలు, బియ్యం మూటలు. ప్రార్థన ఎప్పుడు అయిపోతుందా అని కాదు, అయిపోకపోతే బాగుండునని నిలబడ్డాను. అయిపోయింది. ఆ తల్లి బయటికి రాగానే చెయ్యి పట్టుకుని చెప్పాను: హాస్టల్ రావచ్చు, పిల్లను ఉంచి వెళ్లండి అని.

"రావచ్చా, వస్తాదా? గట్టిగా చెప్పు."

ఆఫీసరు ముందు అనుమానమే వద్దన్న నోటితోనే "రేపు అడిగి చూస్తామన్నారు" అన్నాను.

"వీధి వీధంతా పోతాంది. దానికి ఈడ ఎవరుంటారు? నీ కూతురయితే ఇడ్సిపోతావా అక్కా?"

నాకూ కూతురుంది. ఇంచుమించు అదే వయసు. "లేదు" అన్నాను. ఆమె కోప్పడలేదు, తలూపి పిల్లను ముందు ఎక్కించి తను ఎక్కింది. లారీ కదులుతుంటే ఆ పిల్ల వంగి, "తెరిస్తే ఫోన్ చెయ్యండి మేడమ్, వచ్చేస్తా" అంది. వాళ్లమ్మ నంబరు చెబుతుంటే అరచేతి మీద రాసుకున్నాను.

గురువారం హాస్టల్ తెరిచారు. అప్పటికింకా బయల్దేరని పక్క వీధుల పిల్లలు కొందరు చేరారు. ఆ సంతోషంలో వెంటనే ఫోన్ చేశాను. వాళ్లమ్మే ఎత్తింది. బస్సు ఎక్కించండి, కర్నూలులో నేనే దించుకుంటాను, టికెట్టు సంగతి నాకొదిలెయ్యండి అని ఊపిరాడకుండా చెప్పుకుపోయాను.

అంతా విని ఆమె అంది:

"మా గుంపులో ఒగామెకు కాలు బెణికింది అక్కా. ఆమె సాలు ఇప్పుడు మా పిల్లే కోస్తాండాది. నడుమ ఎట్ల ఇడ్సి వస్తాది?"

ఫోన్ ఆ పిల్లకు ఇమ్మని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.